ముసురు రోజుల్లో విశాఖ తీరం నుండి సముద్ర పక్షులను చూడడం

సముద్ర పక్షులు అనగానే విశాఖ వాసులకు ఫిషింగ్ హార్బరులో మరపడవల చుట్టూ ముసిరే గల్ పక్షులు, అంటే మన వాడుకలోని సముద్రపు కాకులు, గుర్తుకు వస్తాయి. అవి చలికాలపు అతిథులు. ఒడ్డును వదిలి ఎక్కువ దూరం పోవు. షియర్‌వాటర్, స్టార్మ్ పెట్రెల్, బూబీ, నాడీ, సూటీ టెర్న్ వంటివి అలా కాదు. అవి గుడ్లు పెట్టి పిల్లలను పెంచడానికి మాత్రమే ఏ దూరపు దీవుల మీదో వాలి, మిగతా జీవితమంతా నడిసంద్రంలో గడుపుతాయి. మామూలు రోజుల్లో బీచ్ రోడ్డులో ఎంతసేపు నిలబడినా అవి కంటబడడం అరుదు. సముద్రం మీది నుండి ఒడ్డు వైపు ఒకటి రెండు రోజులు ఆగకుండా గట్టి గాలి వీచినప్పుడు మాత్రం వాటిలో కొన్ని తీరానికి దగ్గరగా వస్తాయి. పడవ ఎక్కకుండా వాటిని చూడదలచిన వారు ఆ రోజుల కోసమే సిద్ధంగా ఉండాలి.

కొత్తగా ఈ పనికి పూనుకున్నవారు గాలి ఎంత వేగంగా వీస్తుందని అడుగుతారు. దానికంటే ముందు తెలుసుకోవలసింది గాలి ఎటు నుండి వీస్తోందన్నది. విశాఖ తీరం నైరుతి నుండి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి మనకు సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. తూర్పు గాలి, ఆగ్నేయపు గాలి మాత్రమే పక్షులను ఇటు నెడతాయి. బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనం చుట్టూ గాలి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల వాయుగుండం మనకు దక్షిణాన, కాకినాడ వైపో మచిలీపట్నం వైపో తీరం దాటితే విశాఖకు సముద్రపు గాలి వస్తుంది. ఉత్తరాన, శ్రీకాకుళం వైపో గోపాల్‌పూర్ వైపో దాటితే నేల మీది గాలి సముద్రంలోకి పోతుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చాలా పెద్ద తుపానే. కానీ ఆ దారిన వచ్చే తుపాను విశాఖ ఒడ్డున పక్షుల కోసం చూసేవారికి ఉపయోగపడదు.

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తుపాను స్థాయికి కూడా చేరలేదు. అయినా ఆ గాలికి లంగరు వేసి ఉన్న ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకుల ఓడ కొట్టుకువచ్చి తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గర ఇరుక్కుపోయింది. అంత ఓడను ఒడ్డుకు తెచ్చిన గాలికి గుప్పెడంత పక్షి ఒక లెక్క కాదు. అల్పపీడనం మనకు ఎటు ఉందో అప్పటికప్పుడు తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. విశాఖలో ఎడమ చేయి దక్షిణం వైపు చూపుతున్నదంటే బైనాక్యులర్ బయటకు తీయవలసిన రోజన్నమాట.

అయితే తుపాను కోసం ఎదురుచూడమని ఎవరికీ చెప్పకూడదు. వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల వరకు ఉంటే వాయుగుండం, 50 నుండి 61 వరకు ఉంటే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. పక్షులను చూసేవారికి కావలసినవి దూరాన తీరం దాటే వాయుగుండాలు మాత్రమే. ఓడరేవులో ఎగరవేసే హెచ్చరికలు 1 నుండి 11 వరకు ఉంటాయి. 5 గానీ అంతకు మించినది గానీ ఎగిరిన రోజున ఇల్లు కదలకూడదు. 2014 అక్టోబరు 12న నగరాన్ని అతలాకుతలం చేసిన తుపానుకు పెట్టిన హుద్‌హుద్ అన్న పేరు కూకుడు గువ్వకు అరబ్బీ పేరే. ఆ రోజును చూసినవారెవరూ సముద్రాన్ని తేలికగా తీసుకోరు. గాలి తగ్గుముఖం పట్టిన మరునాటి ఉదయం కూడా మంచి సమయమే, ఎందుకంటే చెదిరిన పక్షులు తిరిగి లోపలికి పోతూ ఉంటాయి.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు మనకు అనువైన కాలం. నైరుతి రుతుపవనాల నెలల్లో గాలి ఎక్కువగా తీరం వెంబడి, లేదా నేల మీది నుండి వీస్తుంది కాబట్టి కేరళ తీరంలో దొరికే అవకాశం మనకు అంతగా దొరకదు.

ఎక్కడ కూర్చోవాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఆర్‌కే బీచ్ ఇసుకలో నిలబడితే కంటి ఎత్తు 2 మీటర్లకు మించదు. అక్కడి నుండి దిగంతం దాదాపు 5 కిలోమీటర్లు. 25 మీటర్ల ఎత్తుకు పోతే అది 18 కిలోమీటర్లకు చేరుతుంది. అంతకంటే ముఖ్యంగా, కెరటాల మధ్య లోయల్లో పోయే పక్షులు కనిపించేది కాస్త ఎత్తు నుండే. అలాగని కైలాసగిరి ఎక్కితే పక్షులు మరీ చిన్న చుక్కలై నల్లని నీటిలో కలిసిపోతాయి. నా దృష్టిలో తెన్నేటి పార్కు గట్టు ఎత్తు సరిగ్గా సరిపోతుంది. తూర్పు గాలి నాడు సముద్రానికి ఎదురుగా కూర్చుంటే గాలి ఎడమ వైపు నుండి కొడుతుంది కనుక ఎడమ పక్కన గోడో కారో అడ్డం ఉండేలా చూసుకోవాలి. ఉదయం ఎండ నీటి మీద మెరిసి కళ్లకు కొడుతుంది. మధ్యాహ్నం తరువాత సూర్యుడు వెనుక ఉంటాడు కాబట్టి రంగులు స్పష్టంగా తెలుస్తాయి. ఎట్టి పరిస్థితిలోనూ కింది రాళ్ల మీదికి దిగకూడదు. పది చిన్న కెరటాల తరువాత వచ్చే ఒక్క పెద్ద కెరటం చాలు, మనిషిని లాగేయడానికి.

8×42 (8 రెట్లు పెంచి చూపే, 42 మి.మీ. అద్దాలున్న) బైనాక్యులర్‌తో పని మొదలుపెట్టవచ్చు. స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి ఒక కంటితో చూసే దుర్భిణి) ఉంటే 20 లేదా 30 రెట్లకు మించి పెంచకుండా, ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాచక, నేలకు దగ్గరగా ఉంచి, కూర్చుని చూడాలి. గాలి ఊపుకు నిలబడిన ట్రైపాడ్ వణుకుతుంది. అరగంటలో అద్దాల మీద ఉప్పు పేరుకుంటుంది. దానిని పొడి గుడ్డతో తుడవకూడదు. ఒకసారి నేను తొందరలో చేతి రుమాలుతో రుద్దినందుకు వెంట్రుక మందాన పడిన గీత ఇప్పటికీ ఆ అద్దం మీద ఉంది. ముందుగా మంచినీళ్లు పోసి ఉప్పు కరగనిచ్చి, ఆ తరువాత మెత్తని గుడ్డతో అద్దాలి. నౌకాదళ ప్రాంతాల వైపు, యుద్ధనౌకల వైపు స్కోప్ తిప్పకుండా ఉండడం, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవడం ఈ నగరంలో తప్పనిసరి.

చూసేటప్పుడు దిగంతం రేఖను పట్టుకుని ఎడమ నుండి కుడికి చాలా నెమ్మదిగా తిప్పాలి. లంగరు వేసి నిలిచిన ఓడలే మనకు కొండగుర్తులు. “ఎర్ర ఓడకు కుడి పక్కన, నీటిని ఆనుకుని, ఎడమకు పోతోంది” అని చెబితే పక్కవారికి క్షణంలో దొరుకుతుంది. వాన జల్లు దాటిపోయిన మొదటి పావుగంటను వృథా చేయకూడదు.

గుర్తుపట్టడం ఊళ్లోని మామూలు కాకులతో మొదలుపెట్టాలని నా సలహా. ఈదురుగాలిలో కాకి, గద్ద, గరుడ పక్షి ఎలా ఎగురుతాయో కంటికి అలవాటైతే వాటిని స్కువా అనే సముద్ర పక్షి అని పొరబడడం తప్పుతుంది. షియర్‌వాటర్ రెక్కలను కర్రల్లా బిగపట్టి, ఒక పక్కకు ఒరిగి కెరటం మీదికి లేచి, రెండో పక్కకు ఒరిగి లోయలోకి జారుతుంది. గాలి ఎంత హెచ్చితే రెక్కలు అంత తక్కువగా ఆడిస్తుంది. టెర్న్ అదే గాలిలో ప్రతి అడుగుకూ రెక్క కొట్టుకుంటూ పోతుంది. సూటీ టెర్న్ వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. నుదుటి తెలుపు కంటి దగ్గరే ఆగిపోతుంది. దానిని పోలిన బ్రైడిల్డ్ టెర్న్‌కు ఆ తెలుపు సన్నని గీతగా కన్ను దాటి వెనక్కు పోతుంది, వీపు బూడిద గోధుమ రంగులో ఉంటుంది. విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ పిగిలి పిట్టంత చిన్నది; నల్లని ఒంటికి తోక మొదట తెల్లని పట్టీ, నీటిని కాళ్లతో తడుతూ నడిచినట్లుండే తీరు దాని ఆనవాళ్లు. దూరం వల్ల తేలనిదాన్ని “గుర్తు తెలియని టెర్న్” అని రాసుకోవాలి. ఊహించి పేరు పెట్టడం తరువాత చూసేవారిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రతి అరగంటకు గాలి దిశ, పక్షుల సంఖ్య, అవి పోతున్న వైపు, ఏమీ కనిపించకపోతే ఆ సంగతి కూడా నమోదు చేసి, పక్షుల వివరాలు సేకరించే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టాలి.

గాలి నిలిచాక భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలను చూడాలి. టెర్నులు, గల్ పక్షులు గాలికి ముఖం పెట్టి వరుసగా కూర్చుని ఉంటాయి. వాటిలో ఒకటి నల్లగా, పొట్టి కాళ్లతో, విడిగా ఉంటే నాడీ అయ్యే అవకాశం ఉంది. లోపలికి కొట్టుకుపోయిన పక్షులు మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ, కొండకర్ల ఆవ వంటి నీళ్ల మీద వాలవచ్చు.

అలసి ఇసుకలో పడిన పక్షి కనబడితే తిరిగి సముద్రంలోకి విసరకూడదు. షియర్‌వాటర్ కాళ్లు ఒంటికి బాగా వెనుకగా ఉంటాయి కనుక చదును నేల నుండి అది సులువుగా లేవలేదు. అది గాయం కాకపోవచ్చు. ముక్కు కంటికి తగలకుండా దూరంగా పట్టి, తువ్వాలు కప్పి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పొడి గుడ్డ మీద ఉంచి మూయాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, ఫొటోల కోసం మాటిమాటికీ మూత తీయకూడదు. వెంటనే అటవీ శాఖ వారికి తెలియజేసి, దొరికిన చోటు, వేళ పెట్టె మీద రాసి అప్పగించాలి.