పెద్దవాళ్ళు, పిల్లలతో మొదటిసారి యూరప్ ట్రిప్: హడావుడి లేకుండా ఎలా ప్లాన్ చేస్కోవాలి?

పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తాం అనే ప్యాకేజీల జోలికి వెళ్ళకండి, సగం టైమ్ బస్సులోనే అయిపోద్ది, రోజూ తెల్లారకముందే పిల్లల్ని లేపి సూట్‌కేసులు సర్దుకోవడమే సరిపోద్ది. మొదటిసారికి రెండు ఊళ్ళు చాలు. నన్నడిగితే పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్ లూసర్న్‌లో ఐదు రాత్రులు.

రాత్రుల లెక్క ముందే ఎందుకు తేల్చుకోవాలంటే షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒక్కటే వీసా) ఏ దేశానికి అప్లై చెయ్యాలో దాన్ని బట్టే ఉంటది, ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే అక్కడికే, అంటే పై ప్లాన్‌కి స్విస్ వీసా, దాంతోనే పారిస్ కూడా తిరగొచ్చు (లండన్ కలుపుకుంటే మాత్రం దానికి వేరే వీసా). ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, సమ్మర్ సెలవులకైతే అస్సలు ఆలస్యం చెయ్యొద్దు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 45, ఆరేళ్ళలోపు వాళ్ళకి ఫ్రీ. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి.

ఫ్లైట్ బుక్ చేసేటప్పుడు మల్టీ సిటీ ఆప్షన్‌లో వెళ్ళేది పారిస్‌కి, తిరిగొచ్చేది లూసర్న్‌కి దగ్గర్లో ఉన్న జ్యూరిక్ నుంచి పెట్టుకోండి, మళ్ళీ వెనక్కి రావాల్సిన పని ఉండదు. మధ్యలో ట్రైన్, బేసెల్‌లో ఒక్కసారి మారితే లూసర్న్.

రూమ్ తీస్కునేటప్పుడు కిచెన్ ఉందా, లిఫ్ట్ ఉందా అని కచ్చితంగా చూడండి. పారిస్‌లో పాత బిల్డింగులు చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మతో నాలుగంతస్తులు ఎక్కాలంటే నరకం. మెట్రో స్టేషన్లలోనూ మెట్లే ఎక్కువ, అందుకే పెద్దవాళ్ళుంటే సిటీ బస్సే హాయి, ఊరు చూస్తూ వెళ్ళొచ్చు.

ఇక తిండి. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ పెట్టుకోండి, రాత్రిపూట వేడన్నం దొరికితే పెద్దవాళ్ళు మర్నాడు హుషారుగా తిరుగుతారు. కానీ చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు, మాంసం, పాల పదార్థాలు బయటి నుంచి తేనివ్వరు.

రోజుకి ఒక్క పెద్ద ప్లేస్, అంతే. మధ్యాహ్నం రూమ్‌కొచ్చి పడుకున్నా ఏం కాదు, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటది, సాయంత్రం హాయిగా సేన్ నది పక్కన నడవొచ్చు. ఐఫిల్ టవర్ లిఫ్ట్ టికెట్లు 60 రోజుల ముందే ఆన్‌లైన్‌లో ఓపెన్ అవుతాయి, వెంటనే తీస్కోండి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు.

లూసర్న్‌లో ఉన్నన్నాళ్ళకి స్విస్ ట్రావెల్ పాస్ (రైళ్ళు, బస్సులు, బోట్లు అన్నిటికీ ఒక్కటే టికెట్) తీస్కోండి, ఖరీదే కానీ దాంతో పాటు ఫ్యామిలీ కార్డ్ అడిగితే 16 ఏళ్ళలోపు పిల్లలు అమ్మానాన్నలతో ఫ్రీగా తిరుగుతారు. చాలామంది మంచు కొండల మీద రైల్లో వెళ్ళే యుంగ్‌ఫ్రావ్‌యోక్ తప్పకుండా చూడాలంటారు, కానీ అది 3,454 మీటర్ల ఎత్తు, గుండె, ఊపిరి సమస్యలున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళొద్దు. నేనైతే రిగీ కొండకే పంపిస్తా. లూసర్న్‌లో బోటెక్కి విట్స్‌నావ్‌లో దిగితే ఎదురుగానే ఎర్ర రైలు, 1871 నుంచి నడుస్తున్న లైను అది, పళ్ళున్న చక్రంతో పట్టాల మధ్యనుండే పళ్ళ కడ్డీని పట్టుకుంటూ మెల్లగా ఎక్కుద్ది, పిల్లలు కిటికీ వదలరు. బోటు, రైలు రెండూ పాస్‌లోనే కవర్ అవుతాయి.

ఇంకోటి, స్విట్జర్లాండ్‌లో ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే తెచ్చిపెట్టుకోండి, మర్చిపోతే పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉండే షాపులే దిక్కు.