మసాయి మారాకు పిల్లల్ని పంపే ముందు: పల్లె సేవకూ సఫారీకీ జాగ్రత్తలు

కెన్యాలోని నారోక్ వైపు పల్లెల్లో వారం పది రోజులు బడి పనులు చేయడం, చివర్లో రెండు మూడు రోజులు మసాయి మారా అనే అభయారణ్యం చూడడం. పదిహేను పదహారేళ్ల పిల్లల్ని ఇలాంటి ప్రయాణానికి పంపేటప్పుడు తల్లిదండ్రులు ముందు అడిగేది సింహాల గురించే. బండి దిగకుండా కూర్చున్నంతసేపు సింహంతో భయం తక్కువ. జాగ్రత్త పడాల్సింది రోడ్డు, దోమ, ఊరకుక్క, తడి సిమెంటు విషయంలో. వీటికి సిద్ధం కావడానికి కనీసం ఎనిమిది వారాలు చేతిలో పెట్టుకోండి.

టీకాలు

ఎల్లో ఫీవర్ టీకా దగ్గర పొరపాటు జరిగితే ఆ ఇబ్బంది ఇండియాలో దిగాక ఎదురవుతుంది. కెన్యా నుంచి వచ్చేవారి దగ్గర చెల్లే సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. అమెరికాలో పెరిగిన పిల్లలు కెన్యా నుంచి నేరుగా హైదరాబాదులో అమ్మమ్మ గారింటికి వస్తున్నా ఇదే నియమం. టీకా వేసిన పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లండి. సర్టిఫికెట్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. గుడ్డు తీవ్రంగా పడని పిల్లలుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు కనీసం రెండు వారాల ముందు పూర్తి చేయండి. ధనుర్వాతం డోసు ఎప్పుడు వేశారో చూసుకోండి. చాలామంది వదిలేసేది రేబిస్ ముందస్తు టీకా. మొదట ఒకటి, ఏడు రోజుల తర్వాత ఒకటి వేస్తారు. ఇది ఉంటే, కుక్క కరిచినప్పుడు మరో రెండు డోసులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ (టీకా లేనివాళ్లకు కాటు తర్వాత వెంటనే రక్షణ కోసం ఇచ్చే మందు) అక్కర్లేదు. ఆ మందు పల్లెల దగ్గర దొరకడం కష్టం, అందుకే ఈ టీకా మానొద్దని గట్టిగా చెబుతున్నాం. టీకా ఉన్నా సరే, కాటు పడగానే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. కుక్కపిల్లల్ని ఎత్తుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

మలేరియా

అక్కడ ఎక్కువగా ఉండేది ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ రకం. ఏ మాత్ర వాడాలో పిల్లల బరువు చూసి డాక్టరే నిర్ణయించాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, రోజూ వేసుకుని, తిరిగొచ్చాక ఏడు రోజులు కొనసాగించాలి. దాన్ని అన్నంతోనో పాలతోనో వేసుకోవాలి. గంటలోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. దాన్ని గ్లాసు నిండా నీళ్లతో మింగి కాసేపు నిటారుగా కూర్చోవాలి. మింగి పడుకుంటే గొంతు కింద గొట్టంలో పుండు పడుతుంది. ఎండకు చర్మం కమిలే గుణం కూడా దీనికి ఉంది. ఇంటికి చేరగానే మాత్రలు ఆపేయడమే పిల్లలు ఎక్కువగా చేసే తప్పు.

దోమల క్రీములో దోమల్ని దూరం పెట్టే డీట్ (DEET) అనే రసాయనం 20 నుంచి 30 శాతం ఉండాలి. ఇంట్లో మామూలుగా వాడేవాటిలో అంత ఉండకపోవచ్చు, ట్యూబు మీద చూసి కొనండి. సన్‌స్క్రీన్ ముందు, దోమల క్రీము తర్వాత. పొద్దు వాలాక నిండు చేతుల చొక్కా, మేజోళ్లు తప్పనిసరి.

తిరిగొచ్చాక మూడు నెలల్లోపు జ్వరం వస్తే, మాత్రలన్నీ సరిగ్గా వాడినా సరే, "కెన్యా వెళ్లొచ్చాం" అన్నదే డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట. ఆ రోజే మలేరియా రక్త పరీక్ష చేయించండి. వైరల్ జ్వరమేలే అని రెండు రోజులు చూస్తే ప్రాణం మీదికి వస్తుంది.

సామాను

కెన్యాలో 2017 నుంచి పాలిథిన్ సంచులు నిషేధం. ఆవకాయనూ జంతికలనూ కవర్లలో చుట్టే అలవాటు ఉంది కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి. గుడ్డ సంచులు, స్టీలు డబ్బాలు వాడండి. రక్షిత వనాల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా 2020 నుంచి తీసుకెళ్లకూడదు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ లీటరు స్టీలు సీసా ఇవ్వండి. నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో మారా వెళ్తే చేతి సంచితో కలిపి 15 కిలోలే అనుమతిస్తారు, అదీ మెత్తటి బ్యాగులోనే. చక్రాల గట్టి సూట్‌కేసు పనికిరాదు.

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెట్టరు వదిలేస్తారు. మారా ఎత్తైన ప్రాంతం. జూలై, ఆగస్టు తెల్లవారుజామున పైకప్పు తెరిచిన బండిలో వణుకు పుడుతుంది. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు. ట్సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, పలచటి బట్ట మీద నుంచే కుడతాయి. మిలిటరీ మచ్చల బట్టలు కూడా వద్దు. ప్లగ్గు మూడు చదరపు కాళ్లది, మన పిన్ను దూరదు.

పల్లెలో

అనాథాశ్రమంలో సేవ అని రాసి ఉంటే ఆ ప్రయాణం మానుకోండి. వారానికొక కొత్త ముఖం వచ్చి దగ్గరై వెళ్లిపోవడం ఆ పసివాళ్లకు గాయమే. విరాళాల కోసం పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి పెట్టే ఆశ్రమాలూ ఉన్నాయి. బడి గోడలకు రంగులు, మొక్కలు, కట్టుబడిలో చేతి సాయం అయితే మంచిది. కానీ జీతం లేని పనికి కూడా అనుమతి కావాలా, దాన్ని ఎవరు తీసుకున్నారు అని నిర్వాహకుల్ని రాతపూర్వకంగా అడగండి.

తడి సిమెంటు ఒంటికి అంటితే వెంటనే మంట పుట్టదు. కొన్ని గంటల తర్వాత చర్మం కాలినట్టు పుండవుతుంది. మోకాళ్ల మీద కూర్చుని పనిచేసేవాళ్లకు ఇది ఎక్కువ. రబ్బరు గ్లవ్స్, గమ్ బూట్లు ఉండాలి, బట్ట తడిస్తే వెంటనే మార్చుకోవాలి. పరంజా ఎక్కే పని మేస్త్రీలదే. చెప్పులు లేకుండా మట్టిలో నడవొద్దు, కాలివేళ్లలోకి దూరే జిగ్గర్ అనే పురుగు ఉంటుంది. చెరువుల్లో, వాగుల్లో దిగొద్దు. నీళ్లలోని సూక్ష్మమైన పురుగులు చర్మం గుండా లోపలికి చేరి బిల్హార్జియా అనే జబ్బు తెస్తాయి.

అక్కడి మసాయి తెగ పిల్లలు పెద్దల ముందు తల వంచుతారు. ఆ తలను అరచేత్తో మెల్లగా తాకడమే అక్కడి పలకరింపు. అడగకుండా ఫోటో తీయకూడదు, పసివాళ్ల ముఖాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకూడదు. శాకాహారులు "సిలి న్యామా" అనే స్వాహిలీ మాట నేర్చుకోండి. మాంసం తినను అని అర్థం.

రోడ్డు, సఫారీ

నైరోబీ నుంచి మారా దాకా ఐదారు గంటల దారి. ప్రతి సీటుకూ బెల్టు ఉందా, చీకటి పడ్డాక బండి నడపరని హామీ ఇస్తారా, ముందే అడగండి. మన ఏప్రిల్, మే సెలవుల్లో అక్కడ పెద్ద వానలు. మారా నేల చాలాచోట్ల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే చక్రం దిగబడిపోతుంది. జూలై నుంచి అక్టోబరు మధ్య వెళ్లడం మేలు.

బండి కదులుతున్నప్పుడు కూర్చోవాలి. ఆగాక నిలబడినా చేతులు బయట పెట్టకూడదు, పైకప్పు ఎక్కకూడదు. జంతువుకు 25 మీటర్ల దూరం ఉంచాలి. దగ్గరికి పోనిమ్మని డ్రైవరును బతిమాలకూడదు. మూత్రానికి దిగాలంటే డ్రైవరు చూపిన చోటే దిగాలి. రాత్రి గుడారం నుంచి బయటికి రావాలంటే కాపలా మనిషిని పిలవాలి. నది పక్క బసల్లో రాత్రిపూట గడ్డికి వచ్చే నీటిగుర్రం అడవిలోని ప్రమాదకరమైన జంతువుల్లో ఒకటి. నీటికీ దానికీ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు. గుడారంలో తిండి ఉంచితే కోతులు జిప్పు తీసి లోపలికి వస్తాయి.

కాగితాలు

కెన్యాకు 2024 జనవరి నుంచి ఈ-టీఏ అనే ముందస్తు ఆన్‌లైన్ అనుమతి కావాలి. తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం చేసిన నోటరీ సమ్మతి పత్రం, రక్తం గ్రూపు, అలర్జీల చీటీ పిల్లల చేతి సంచిలో ఉండాలి. బీమాలో విమానంలో ఆస్పత్రికి తరలించే ఖర్చు కలిసి ఉందో లేదో చూడండి. మారా నుంచి నైరోబీకి రోగిని త్వరగా చేర్చే దారి అదే. నిర్వాహకుల్ని చివరిగా రెండు ప్రశ్నలు అడగండి: రాత్రి ఏ గదిలో ఎవరు పడుకుంటారు, ఒక పెద్ద మనిషి ఒక పిల్లతో ఒంటరిగా ఉండే సందర్భం ఎప్పుడైనా వస్తుందా? సూటిగా చెప్పలేకపోతే డబ్బు కట్టకండి.