ఎంపీ చేత ఢిల్లీలో అడిగించడం ఎలా: ప్లాస్టిక్ ఒప్పందం ఉదాహరణగా

విజయవాడలో ఏలూరు కాల్వ, బందరు కాల్వ, రైవస్ కాల్వల్లో తేలే సంచుల గురించి కార్పొరేషన్‌ని నిలదీయొచ్చు. ఆ సంచులకు వాడే ముడి ప్లాస్టిక్ ప్రపంచంలో ఎంత తయారవ్వాలన్నది మాత్రం కార్పొరేషన్ చేతిలో లేదు. ప్లాస్టిక్ కాలుష్యం మీద దేశాలన్నీ కట్టుబడే ఒప్పందం రాయాలని 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ తీర్మానించింది. 2024 చివర బూసాన్‌లో కూర్చున్నారు, తేలలేదు. 2025 ఆగస్టులో జెనీవాలో మళ్లీ కూర్చున్నారు, అప్పుడూ తేలలేదు. ముడి ప్లాస్టిక్ ఉత్పత్తికి పరిమితి పెట్టాలని కొన్ని దేశాలు పట్టుబడుతుంటే, వద్దన్నవాళ్లలో మన దేశం కూడా ఉంది. నిర్ణయం ఏదైనా ఏకాభిప్రాయంతోనే జరగాలన్నది మన మరో షరతు.

ఈ వైఖరి సరైనదే అనుకున్నా, కాదనుకున్నా, దాని గురించి మన ఎంపీ చేత మాట్లాడించే దారి ఒకటే: సభలో ప్రశ్న వేయించడం, లేదా మంత్రికి లేఖ రాయించడం. వాతావరణ నిధులకైనా, యాంటీబయాటిక్స్‌కి లొంగని జబ్బులకైనా ఇదే పనికొస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) అర్జీ మాత్రం ఈ పనికి దండగ. విదేశాంగం జిల్లా పరిధిలోది కాదు, అర్జీ అక్కడే ఆగిపోతుంది.

ముందు మీ ఎంపీ ఎవరో చూసుకోండి

ఇక్కడే చాలామంది పొరబడతారు. కానూరు, పోరంకి వాళ్లు విజయవాడలోనే ఉన్నామనుకుంటారు. కానీ పెనమలూరు అసెంబ్లీ స్థానం మచిలీపట్నం లోక్‌సభ కిందికి వస్తుంది. గన్నవరం కూడా అంతే. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో అడుగుపెడితే మంగళగిరి స్థానం, అంటే గుంటూరు ఎంపీ. చిలకలూరిపేట నరసరావుపేట కిందిది. వేరే నియోజకవర్గం సంతకాలతో వెళ్తే పీఏ మొదటి పేజీ చూసి పక్కన పెట్టేస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు.

గుంటూరు వాళ్లకి ఇంకో చిక్కు. 2024లో అక్కడ గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. మంత్రులు సభలో జవాబు చెప్పాల్సినవాళ్లు, ప్రశ్న వేసేవాళ్లు కారు. అందుకని ఆయన్ని అడగాల్సింది ప్రశ్న కాదు, పర్యావరణ మంత్రికి ఒక డి.ఓ. లేఖ (తన పేరుతో నేరుగా రాసే అధికారిక ఉత్తరం). ప్రశ్న కోసం రాజ్యసభ సభ్యుల దగ్గరికి వెళ్లాలి. మన రాష్ట్రం నుంచి 11 మంది ఉన్నారు, వాళ్లు రాష్ట్రమంతటికీ ప్రతినిధులు కాబట్టి ఏ ఊరివాళ్లయినా అడగొచ్చు.

ఏం అడగాలి

మన దేశంలో అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం పెట్టేది కేంద్ర ప్రభుత్వం. దానికి పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు. దాన్ని అమలు చేయడానికి చట్టం కావాల్సి వస్తే రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చేస్తుంది. కాబట్టి “ఒప్పందం కుదిర్చేలా చూడండి” అని ఎంపీని అడిగితే ఆయన తలూపి పంపడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ప్రభుత్వ వైఖరిని కాగితం మీద పెట్టించడం ఆయన చేతిలో పని, అదే అడగండి.

లోక్‌సభ ప్రశ్న 150 పదాలు దాటకూడదు. అభిప్రాయం అడగకూడదు. స్నేహపూర్వక దేశాన్ని కించపరచకూడదు, అందుకే అమెరికానో చైనానో తిడుతూ రాసిన ప్రశ్న అనుమతికే నోచుకోదు. ఊహాజనితమైన విషయమూ కుదరదు. జనం రాసుకొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ చిక్కుకునేది ఈ చివరిదాని దగ్గరే. “మిగతా దేశాలు ఒప్పుకుంటే మనమూ ఒప్పుకుంటామా?” అన్నది ఊహ కిందికి వస్తుంది, కొట్టేస్తారు. ఇలా రాయండి:

(ఎ) ప్లాస్టిక్ ఒప్పంద చర్చల్లో ముడి ప్లాస్టిక్ ఉత్పత్తి పరిమితిపై ప్రభుత్వ వైఖరి ఏమిటి. (బి) వైఖరి నిర్ణయించే ముందు రాష్ట్రాలను, మున్సిపాలిటీలను సంప్రదించారా, అయితే వివరాలు. (సి) వర్ధమాన దేశాలకు నిధులు, సాంకేతిక సాయం గురించి భారత్ చేసిన ప్రతిపాదనలు ఏమిటి.

మూడూ జరిగినదాని గురించే కాబట్టి జవాబు చెప్పక తప్పదు. నోటీసు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో వెళ్తుంది, ఆ ప్రతి మీరే సిద్ధం చేసి ఇవ్వండి. దాంతో పీఏకి పని తగ్గుతుంది, మీది ముందుకు కదులుతుంది.

ఎంపీ మనసులో ఉండే భయం ఒకటే: మనం ఒక్కళ్లమే తగ్గించుకుంటే మన ఫ్యాక్టరీలు మూతపడి లాభం ఇంకో దేశానికి పోతుందని. ఆ భయం వట్టిది కాదు, కొట్టిపారేయకండి. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం సంగతి, ప్రశ్నతో పాటు ఎంపీకిచ్చే నోట్‌లో రెండు వాక్యాల్లో రాయండి. అందులో వర్ధమాన దేశాలకు పదేళ్ల వెసులుబాటు ఇచ్చారు, 1990లో లండన్‌లో ఖర్చులకు నిధి ఏర్పాటు చేశారు, ఆ తర్వాతే 1992లో భారత్ చేరింది. అందరికీ ఒకే నిబంధన, వెనకబడినవాళ్లకి గడువు, డబ్బు: ఈ మూడూ కలిస్తే ఎంపీకి అడగడం తేలికవుతుంది. వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారుల నుంచో, సంచులు చేసే చిన్న యూనిట్ల నుంచో ఒక్క లేఖ జతచేయగలిగితే వంద సంతకాలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

జవాబు రావాల్సిన రోజుకి కనీసం 15 పూర్తి రోజుల ముందే ప్రశ్న నోటీసు ఇవ్వాలి. ఒక్కో మంత్రిత్వ శాఖ వారంలో నిర్ణీత రోజున జవాబిస్తుంది. ఒక సభ్యుడు ఒక రోజుకి ఐదుకి మించి నోటీసులివ్వలేడు, అందరి నోటీసుల్లోంచి లాటరీ తీసి ఎంచుతారు. లోక్‌సభలో రోజుకి 20 ప్రశ్నలకు నోటిమాటగా, 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులొస్తాయి. ఈ లెక్కన సమావేశాలు మొదలయ్యాక వెళ్తే ఆలస్యమైనట్టే. బడ్జెట్ సమావేశాలు జనవరి చివర్లో, వర్షాకాల సమావేశాలు సాధారణంగా జులైలో, శీతాకాలానివి నవంబరు, డిసెంబరు నెలల్లో మొదలవుతాయి. నెల, నెలన్నర ముందే కాగితం చేతికివ్వండి. అదే ప్రశ్న మీ ఎంపీతో పాటు ఒకరిద్దరు రాజ్యసభ సభ్యులకు కూడా ఇవ్వండి, లాటరీలో అవకాశం పెరుగుతుంది.

లాటరీలో రాకపోతే లోక్‌సభ 377వ నిబంధన ఉంది: 250 పదాల లోపు ప్రస్తావన, తర్వాత మంత్రి నుంచి రాతపూర్వక సమాధానం. రాజ్యసభలో దీనికి సాటి ప్రత్యేక ప్రస్తావన.

సభ నడిచే రోజుల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎంపీ ఢిల్లీలో ఉంటారు, శని ఆదివారాలు చూసుకోండి. ఐదారుగురికి మించి వెళ్లొద్దు. రెండు పేజీలు చాలు, పైన మీ అసెంబ్లీ స్థానం పేరు. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఫొటో దిగి కాగితం సోఫా మీద వదిలి రావడం అందరికీ అలవాటే, అదొద్దు.

ఎంపీ మంత్రికి లేఖ రాస్తే 15 రోజుల్లో అందినట్టు తెలపాలి, మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. కేంద్ర సచివాలయ పద్ధతి ఇది. నెల దాటితే పీఏకి ఈ సంగతే గుర్తుచేయండి.

డాలస్‌లో ఉన్న మనవాళ్లు

మన జిల్లాల్లో అమెరికా చుట్టాలు లేని వీధి దొరకడం కష్టం. పౌరసత్వం తీసుకున్నవాళ్లు అక్కడి తమ కాంగ్రెస్ సభ్యుడికి ఇదే విషయం అదే నెలలో రాస్తే రెండు వైపులా ఒకేసారి కదులుతుంది. మీ ఎంపీకిచ్చే నోట్‌లో ఆ లేఖ ప్రతి జతచేయండి. డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న చుట్టం తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా సరే, మీ సంఘానికి పంపితే విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) వర్తిస్తుంది.

జవాబొచ్చాక

జవాబు సంసద్ (పార్లమెంటు) వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో “పరిశీలనలో ఉంది”, “చూస్తాం” లాంటి మాటలు వెతకండి. సభలో మంత్రి అలా అంటే హామీ కింద లెక్క, దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి. సభలోని హామీల కమిటీ దాన్ని వెంటాడుతుంది. ప్రశ్న సంఖ్య, తేదీ రాసి పెట్టుకోండి, తర్వాతి సమావేశాల్లో అదే సంఖ్య ఎత్తి అడిగించొచ్చు. సమాచార హక్కు దరఖాస్తూ వేయొచ్చు, 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. కానీ చర్చల వ్యూహపత్రాలు అడిగితే విదేశీ సంబంధాల పేరుతో సెక్షన్ 8(1)(ఎ) కింద తిరస్కరిస్తారు. రాష్ట్రాలతో జరిపిన సంప్రదింపుల మినిట్స్, హాజరు జాబితా అడిగితే తిరస్కరించడం వాళ్లకి అంత తేలిక కాదు.