మాత్ర మింగితే చాలదు, కడుపులో కరగాలి

పోషకాల మాత్ర మింగిన వెంటనే అందులోని పోషకం రక్తంలో చేరిపోదు. ముందు మాత్ర విచ్చిపోవాలి, ఆ పొడి జీర్ణరసాల్లో కరగాలి, ఆ తర్వాతే చిన్నపేగు గోడలు దాన్ని పీల్చుకోగలుగుతాయి. కాల్షియం మాత్రల్లో ఒక రకమైన కాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులోని ఆమ్లం అవసరం కాబట్టి, ఆ ఆమ్లం బాగా ఊరే భోజన సమయంలోనే, ఒక్కసారికి 500 మిల్లీగ్రాముల కాల్షియం మించకుండా వేసుకోవడం మేలు. కాల్షియం సిట్రేట్ అనే మరో రకానికి ఈ భోజనం పట్టింపు లేదు.

మీ కాల్షియం కార్బొనేట్ మాత్ర సరిగా విచ్చుకుంటుందో లేదో ఇంట్లోనే కొంతవరకు తెలుసుకోవచ్చు. చిన్న గ్లాసులో తెల్ల వెనిగర్ పోసి, మాత్రను అందులో వేసి, మధ్యమధ్యలో కలుపుతూ 30 నిమిషాలు గమనించండి. సన్నని బుడగలు లేస్తూ, అంచులు రాలి, చివరికి అడుగున పొడి మాత్రమే మిగిలితే మంచిదే. అప్పటికీ గులకరాయిలా అలాగే ఉంటే, కడుపులోనూ సరిగా కరగకపోవచ్చు. ఇది ముతక పరీక్షే సుమా, ప్రయోగశాల పరీక్షకు సాటి రాదు.

చిన్నపేగుకు చేరాకే కరిగేలా పూత పూసిన మాత్రలకూ, పోషకాన్ని గంటల తరబడి నెమ్మదిగా విడుదల చేసే మాత్రలకూ ఈ పరీక్ష వర్తించదు. వాటిని నలిపినా, నమిలినా ఆ ఏర్పాటంతా చెడిపోతుంది కనుక వైద్యుడో ఫార్మసిస్టో చెబితే తప్ప ఆ పని చేయవద్దు. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. వాటిని ఖాళీ కడుపుతో కాకుండా, కొంత కొవ్వు ఉన్న భోజనంతో తీసుకోండి.