కాలవ నీటిలో పటిక ప్రయోగం: మొదలెట్టే ముందు

నీళ్లు పెద్దవాళ్లే తేవాలి. గోదావరికి వరదొచ్చిన రోజుల్లో ధవళేశ్వరం నుంచి కాలవల్లోకి ఎర్రనీరు దిగుతుంది. ప్రయోగానికి అదే బాగుంటుంది గానీ గట్లు జారతాయి, పిల్లల్ని రేవు మెట్లు దిగనివ్వొద్దు. రొయ్యల చెరువు నీళ్లు అసలొద్దు.

ఒకే సైజు గాజు సీసాలు రెండు, లీటరు చొప్పున నీళ్లు. ఒకదాంట్లో పటిక వేయకండి, తేడా దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

పటిక గడ్డను నీళ్లలో తిప్పితే ఎంత కరిగిందో లెక్క ఉండదు. గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల మంచినీళ్లలో కరిగించి, అందులోంచి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను, పోయండి. ఇంకాస్త వేస్తే ఇంకా తేరుతుందనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, అందుకే అవి దగ్గరకు చేరవు. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గించి ముద్దకట్టిస్తుంది. మోతాదు బాగా మించితే రేణువులకు ధనావేశం వచ్చి మళ్లీ విడిపోతాయి, నీరు బురదగానే మిగులుతుంది.

నిమిషం వేగంగా, తర్వాత పది నిమిషాలు మెల్లగా కలపాలి. గిలకొడితే కట్టిన తునకలు చితికిపోతాయి. ఆపై గంటసేపు కదపొద్దు.

పొడి కంట్లో పడితే ధారగా నీళ్లు పోసి కడగాలి.

తేరిన నీళ్లలోనూ క్రిములుంటాయి. "తాగరాదు" అని సీసాల మీద ముందే రాసి అతికించండి.