సబ్బు పొరలో రంగులు, పైన నల్ల పట్టీ: ఇంట్లోనే చూసే పద్ధతి

సబ్బు బుడగ మీద రంగులు అందరం చూసినవే, కానీ బుడగ గాల్లో తిరుగుతూ ఉంటుంది, చూసేలోపే పగిలిపోతుంది, లోపల ఏం జరుగుతుందో అర్థం కాదు. అదే పొరని కదలకుండా నిలబెట్టి చూస్తే, ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన వ్యతికరణం (రెండు వెలుతురు అలలు కలిసి ఒకదాన్నొకటి పెంచుకోవడం, కొట్టేసుకోవడం) మొత్తం కళ్ళ ముందే జరుగుతుంది.

చేతికి వేసుకునే ఒక పాత మెటల్ గాజు, బట్టల క్లిప్పు, గిన్నెలు తోమే లిక్విడ్, నల్ల గుడ్డ ఉంటే చాలు. వెడల్పాటి గిన్నెలో టీ గ్లాసుడు నీళ్ళు పోసి రెండు స్పూన్లు లిక్విడ్, అర స్పూను గ్లిజరిన్ (మెడికల్ షాపులో దొరుకుతుంది, లేకపోతే కొంచెం పంచదార) వేసి మెల్లగా కలపండి, నురగ వస్తే స్పూనుతో తీసేయండి.

ఎక్కువమందికి కుదరనిది వెలుతురు దగ్గరే. నేను మొదటిసారి రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద, పైన ఫ్యాన్ తిరుగుతుండగా చేశా, లైటు సన్న గీతలా మెరిసింది తప్ప ఇంకేం కనపడలేదు, పొర కూడా వెంటనే పోయింది. పొర అద్దం లాంటిది, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది, కాబట్టి మీ వెనక వైపు వెడల్పుగా తెల్లటిది ఉండాలి, పగటి వెలుతురు బాగా పడుతున్న తెల్ల గోడ గానీ కిటికీకి కట్టిన తెల్ల దుప్పటి గానీ. పొర వెనక నల్ల గుడ్డ వేలాడదీయండి. ఫ్యాన్ ఆపేయండి.

గాజుని క్లిప్పుతో పట్టి సబ్బు నీళ్ళలో ముంచి, మెల్లగా తీసి నిలువుగా పట్టుకోండి, చెయ్యి వణుకుతుంది కాబట్టి క్లిప్పుని టేబుల్ అంచున ఒక బరువైన పుస్తకం కింద నొక్కి పెడితే ఇంకా మంచిది. మొదట్లో పెద్దగా ఏం ఉండదు. కాసేపటికి నీళ్ళు కిందికి జారి పైన పొర పలచబడుతుంది, అడ్డంగా చారలు మొదలవుతాయి, కింద గులాబీ, ఆకుపచ్చ మళ్ళీ మళ్ళీ వస్తాయి, పైకి వెళ్ళేకొద్దీ నీలం, ఊదా, పసుపు, ఆ పైన వెండిలా తెలుపు. పొర ఇంకా నిలిస్తే అన్నిటికన్నా పైన నల్లటి పట్టీ వస్తుంది, దాని కోసమే ఓపిక పట్టాలి. అక్కడ పొర చిరిగిపోయిందేమో అనిపిస్తుంది, లేదు. పొడి అగ్గిపుల్లతో ఆ నల్లదాన్ని ముట్టుకోండి, మొత్తం పొర టప్పున పోతుంది, అంటే అక్కడ పొర ఉన్నట్టే కదా.

పొర ముందు తలానికి తగిలిన వెలుతురులో నూటికి రెండు వంతులు వెనక్కి వస్తుంది, మిగతాది లోపలికి వెళ్ళి వెనక తలం మీద నుంచి ఇంకో రెండు వంతులు తిరిగొస్తుంది, ఈ రెండు అలలూ కలిసి మన కంటికి చేరతాయి. శృంగం (అల ఎత్తు) మీద శృంగం పడితే ఆ రంగు బాగా కనిపిస్తుంది, శృంగం మీద ద్రోణి (అల పల్లం) పడితే ఆ రంగు ఉండదు. మందం మారితే ఏ రంగు నిలుస్తుందో, ఏది పోతుందో మారిపోతుంది. మరి పొర బాగా పలచనైతే రెండు అలలూ దాదాపు ఒకే దూరం తిరిగినట్టు, కలిసి మెరవాలి కదా, నల్లగా ఎందుకు? ఒక తాడు కొసని గోడ మేకుకి కట్టి ఝాడించి చూడండి, పైకి లేచి వెళ్ళిన మూపు కిందికి తిరగబడి వెనక్కి వస్తుంది. గాలిలోంచి వచ్చి సబ్బు నీటికి తగిలిన అల కూడా అలాగే తలకిందులవుతుంది, లోపలి నుంచి గాలికి తగిలి తిరిగేది అవ్వదు. అందుకే మందం 30 నానోమీటర్ల (ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) కన్నా తగ్గితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెలుతురుకి వెలుతురు కలిస్తే చీకటి! ఈ నల్ల మచ్చల గురించి న్యూటన్ 1704 నాటి ఆప్టిక్స్‌లోనే రాశాడు, అలలతో లెక్క తేల్చింది దాదాపు వందేళ్ళ తర్వాత ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ యంగ్.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ చారలతో పొర మందం కొలవడం. రాత్రి మిగతా లైట్లు ఆపి ఎర్ర ఎల్‌ఈడీ బల్బు వెలుతురు తెల్ల గోడ మీద పడేలా పెట్టండి. ఇప్పుడు ఉండేవి ఎరుపు, నలుపు చారలే. ఒక నల్ల చార నుంచి పక్క నల్ల చారకి మందం 237 నానోమీటర్లు పెరిగినట్టు, ఎర్ర ఎల్‌ఈడీ తరంగదైర్ఘ్యం (ఒక శృంగం నుంచి పక్క శృంగానికి దూరం) సుమారు 630, దాన్ని రెండుతో, సబ్బు నీటి వక్రీభవన గుణకం (వెలుతురు అందులో ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.33తో భాగిస్తే వచ్చేది అదే. పైన ఉన్న నల్ల పట్టీని సున్నా అనుకుని కిందికి లెక్కపెట్టుకుంటూ రండి, ఐదో నల్ల చార దగ్గర మందం దాదాపు 1185, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకి కాస్త ఎక్కువ. స్కేలు లేదు, మైక్రోస్కోపు లేదు, గాజు, సబ్బు నీళ్ళు, ఒక బల్బు అంతే.

లేజర్ మాత్రం వాడొద్దు, పొర అద్దంలా దాన్ని తిప్పి కళ్ళలోకి కొడుతుంది.

రంగులు దాచుకోవాలంటే ట్రేలో నీళ్ళు పోసి అడుగున నల్ల చార్ట్ ముక్క ముంచి ఉంచండి, పైన రంగులేని నెయిల్ పాలిష్ ఒక్క చుక్క వేయండి, అది క్షణంలో పలచగా పరుచుకుంటుంది. కాగితాన్ని ఒక అంచు పట్టి మెల్లగా పైకి లేపితే పొర దాని మీద కూర్చుంటుంది, ఆరాక కిటికీ దగ్గర అటూ ఇటూ వంచి చూడండి, కోణం మారేకొద్దీ రంగులు మారుతూ ఉంటాయి.