ప్రాక్టికల్స్‌కు ముందు: పర్మాంగనేట్ లెక్కలో ఐదు ఎక్కడ పెట్టాలి?

ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి. సాయంత్రం నయీంనగర్ రోడ్డు మీద చూస్తే రికార్డులు చంకన పెట్టుకుని గుంపులు గుంపులుగా పిల్లలు. అందరి నోటా ఒకటే మాట, "టైట్రేషన్ కరెక్ట్‌గా వస్తదో రాదో". టైట్రేషన్ అంటే గాఢత తెలిసిన ద్రావణంతో తెలియనిదాని గాఢత కనిపెట్టే ప్రయోగం. హన్మకొండలో ఏళ్ల తరబడి కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, నాకైతే బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్క చుక్కగా వదిలే కొలత గొట్టం) దగ్గర అంత భయం లేదు. మార్కులు ఎక్కువగా పోయేది ఆ తర్వాత, కాగితం మీద.

నర్సంపేట వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి మోర్ లవణం (ఫెర్రస్ ఇనుమున్న లవణం) టైట్రేషన్ చాలా శుభ్రంగా చేసింది. ఖర్చయిన పర్మాంగనేట్ వరుసగా రెండు రీడింగుల్లోనూ 19.6 మిల్లీలీటర్లు. చేయి అంత నిలకడగా ఉన్న పిల్ల, పర్మాంగనేట్ మోలారిటీ (లీటరుకు ఎన్ని మోల్స్) దగ్గరికొచ్చేసరికి 0.255 అని రాసింది. రావాల్సింది 0.0102. సరిగ్గా 25 రెట్ల తేడా. గుణకారంలో తప్పు లేదు, భాగహారంలో తప్పు లేదు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ తప్పు ఆమె ఒక్కదానిది కాదు, మేం చెప్పే పద్ధతిలోనే దానికి చోటుంది.

సంగతి ఏమిటంటే, మీ చేతికి రెండు సూత్రాలు వస్తాయి. ఒకదాంట్లో ఒక్కో ద్రావణం మోలారిటీని, ఘనపరిమాణాన్ని గుణించి 'ఎన్'తో భాగించి, రెండు ద్రావణాలవీ సమానం అంటారు. అక్కడ ఎన్ అంటే తుల్య సమీకరణంలో ఆ పదార్థం ముందున్న అంకె. పర్మాంగనేట్‌కు 1, ఫెర్రస్‌కు 5. రెండోదాంట్లో 'ఎన్'తో గుణిస్తారు. అక్కడ ఎన్ అంటే ఒక్కో మోల్ తీసుకునే లేదా ఇచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య. పర్మాంగనేట్‌లో మాంగనీసు +7 నుంచి +2కు దిగుతుంది కాబట్టి 5, ఫెర్రస్ ఇనుము +2 నుంచి +3కు పోతుంది కాబట్టి 1. అక్షరం ఒకటే, అంకెలు తారుమారు! కాలేజీలో ఒక సూత్రం, ట్యూషన్‌లో ఇంకోటి నేర్చుకున్న పిల్లలు ఎలక్ట్రాన్ల అంకెను తెచ్చి భాగించే సూత్రంలో పెడతారు. 25 రెట్ల తప్పు పుట్టేది అక్కడే.

అందుకే నా మాట వినండి, పరీక్షలో సూత్రంతో మొదలుపెట్టకండి. ముందు సమీకరణం రాయండి. ఒక పర్మాంగనేట్ అయాను, 5 ఫెర్రస్ అయాన్లు, 8 హైడ్రోజన్ అయాన్లు కలిస్తే ఒక మాంగనస్ అయాను, 5 ఫెర్రిక్ అయాన్లు, 4 నీటి అణువులు. తర్వాత మిల్లీమోల్స్‌లో లెక్కించండి. పిపెట్‌తో తీసుకున్నది 0.05 మోలార్ మోర్ లవణం 20 మిల్లీలీటర్లు అంటే 1 మిల్లీమోల్ ఇనుము. 5 ఇనుములకు ఒక పర్మాంగనేట్ కాబట్టి 0.2 మిల్లీమోల్. దాన్ని 19.6తో భాగిస్తే 0.0102 మోలార్. లీటరుకు ఎన్ని గ్రాములు అని అడిగితే పొటాషియం పర్మాంగనేట్ మోలార్ ద్రవ్యరాశి 158తో గుణించండి, 1.61 గ్రాములు.

జవాబు వచ్చాక ఒక్క క్షణం దాని వంక చూడండి. రెండు ద్రావణాలూ ఇంచుమించు సమాన ఘనపరిమాణంలో ఖర్చయ్యాయి. ఒక్కో పర్మాంగనేట్ ఐదుగురు ఇనుముల పని చేస్తుంది. అలాంటప్పుడు దాని మోలారిటీ ఇనుముదాంట్లో ఐదో వంతు దగ్గర ఉండాలి కదా! 0.255 లాంటి అంకె కనపడగానే మీ కళ్లకు తట్టాలి.

ఆక్జాలిక్ ఆమ్లం వస్తే ఈ ఐదో వంతును అక్కడికి మోసుకుపోకండి. అక్కడ 2 పర్మాంగనేట్‌లకు 5 ఆక్జలేట్‌లు. అదే 1 మిల్లీమోల్ ఆక్జలేట్‌కు 0.4 మిల్లీమోల్ పర్మాంగనేట్ పడుతుంది.

తూకం దగ్గర స్ఫటిక జలాన్ని మరవకండి. మోలార్ ద్రవ్యరాశి మోర్ లవణానికి 6 నీటి అణువులతో కలిపి 392, ఆక్జాలిక్ ఆమ్లానికి 2 నీటి అణువులతో కలిపి 126. 250 మిల్లీలీటర్ల 0.05 మోలార్ మోర్ లవణానికి 4.9 గ్రాములు కావాలి. నీళ్లు వదిలేసి 284తో లెక్కేస్తే 3.55 గ్రాములే తూస్తారు. ఇక టైట్రేషన్ ఎంత బాగా చేసినా జవాబు సరిగ్గా రాదు. నార్మాలిటీ (ఎలక్ట్రాన్ల లెక్కన కొలిచే గాఢత) అడిగారా, మోలారిటీ అడిగారా అన్నది కూడా ప్రశ్నలో రెండుసార్లు చూసుకోండి. ఈ చర్యలో పర్మాంగనేట్ నార్మాలిటీ మోలారిటీకి 5 రెట్లు.

ల్యాబ్‌లో నేను పట్టుబట్టేవి కొన్నే. ఆమ్లం అంటే సజల సల్ఫ్యూరిక్ ఆమ్లమే. హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ దాన్ని కూడా ఆక్సీకరిస్తుంది, రీడింగ్ పెరుగుతుంది. నైట్రిక్ తానే ఆక్సీకరణి. ఫ్లాస్క్‌లో గోధుమ రంగు కనపడితే ఆమ్లం చాలలేదని అర్థం, ఆ రీడింగ్ వదిలేయండి. ఆక్జాలిక్ ద్రావణాన్ని 60-70 డిగ్రీలకు వేడి చేయాలి, మోర్ లవణాన్ని వేడి చేయకూడదు. ఆక్జాలిక్‌లో మొదటి చుక్కల గులాబీ రంగు నిదానంగా పోతుంది, దాన్నే ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిన గుర్తు) అనుకోకండి. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచునే చూడాలి, మొదటి రీడింగ్‌కూ చివరి రీడింగ్‌కూ. నోటితో పిపెట్ పీల్చడం అస్సలు వద్దు, బల్బ్ అడగండి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు.

పక్క టేబుల్ వాళ్లకు 18.2 వచ్చిందని మీ 19.6ను దిద్దకండి బిడ్డా. వాళ్లకిచ్చిన ద్రావణం వేరు కావచ్చు.

మేడారం జాతర ఉన్న ఏడాది ఇంకో సంగతి. ఆ రోజుల్లో ములుగు రోడ్డంతా రద్దీ, బస్సులు చాలావరకు జాతరకే పోతాయి. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఒక బస్సు ముందే ఎక్కండి. పరుగున వచ్చి బ్యూరెట్ పట్టుకుంటే చేయి వణుకుతుంది, రెండు రీడింగులు కలవడానికే సగం టైం పోతుంది.